క్రిస్మస్ సెలవుల్లో చెన్నపట్నం



డిసెంబరు మూడో వారం దాటేసరికి మా కృష్ణగిరి, హోసూరు వైపు బడుల్లో అర్ధసంవత్సర పరీక్షలు అయిపోతాయి. అక్కడినుంచి జనవరి ఒకటో తేదీ దాకా పిల్లలకు సెలవులు. పరీక్ష కాగితాలు చేతికి రాకముందే పిల్లలు ఇంట్లో పోరు మొదలుపెడతారు. "పట్నం పోదాం నాన్నా, క్రిస్మస్ దీపాలు చూద్దాం" అంటారు. తండ్రి జేబు తడుముకుంటాడు. తల్లి క్యాలెండరు చూస్తుంది. చివరికి ఎలాగో మూడు రోజులు తీరిక చేసుకుని బయలుదేరుతారు.

మూడు రోజులు తిరిగి వచ్చాక పిల్లల్ని ఏం చూశారని అడగండి. పెద్ద పెద్ద దుకాణాలు చూశాం, ఎస్కలేటరు ఎక్కాం, ఐస్‌క్రీం తిన్నాం అంటారు. అందులో తప్పేమీ లేదు. కానీ డబ్బు పెట్టి కొనే ఆ సరదా ఏ నెలలో వెళ్ళినా దొరుకుతుంది. క్రిస్మస్ రోజుల్లో మాత్రమే దొరికేవి, డబ్బు లేకుండా దొరికేవి పట్నంలో చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని తెలుగువాళ్ళుగా మనకు చాలా దగ్గరివి. వాటి గురించే ఈ ప్రసంగం.

ఈ కేంద్రం వినే శ్రోతలందరికీ పట్నం ఒక్కటే కాదు. కోలారు వాళ్ళకు బెంగుళూరు దగ్గర. బరంపురం వాళ్ళు భువనేశ్వరమో కలకత్తానో వెళతారు. చంద్రపూర్ వాళ్ళకు నాగపూర్ ఉంది. నేను మాత్రం నాకు బాగా తెలిసిన చెన్నపట్నం గురించే చెబుతాను. చూసే పద్ధతి తెలిస్తే ఏ ఊరికైనా అది పనికివస్తుంది.

ముందుగా ప్రయాణం సంగతి. గుమ్మిడిపూండి, తిరుత్తణి వైపు వాళ్ళకు లోకల్ రైళ్ళున్నాయి. పొద్దున వెళ్ళి రాత్రికి ఇల్లు చేరవచ్చు. మా వైపు వాళ్ళం బస్సులోనో, జోలార్‌పేట వచ్చి రైల్లోనో వెళతాం. బస్సులు ఆగే చోట్లు ఈ మధ్య మారుతున్నాయి కాబట్టి ఎక్కేటప్పుడే కండక్టరును అడిగి తెలుసుకోండి. బస కూడా ముందుగానే మాట్లాడుకోవాలి. డిసెంబరు ఆఖరి వారంలో ఎగ్మూరు, ట్రిప్లికేను లాడ్జీల్లో గదులు త్వరగా నిండిపోతాయి, అద్దెలూ పెరుగుతాయి.

ఇంకొక మాట. చెన్నైకి వానాకాలం అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2015 డిసెంబరు మొదట్లో ఊరు ఊరంతా వరదలో మునిగింది. 2016 డిసెంబరు 12న వార్ధా తుఫాను చెట్లను కూల్చేసింది. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుఫాను వచ్చింది. క్రిస్మస్ నాటికి మామూలుగా వానలు తగ్గుముఖం పడతాయి. అయినా బయలుదేరే ముందు రేడియోలో వాతావరణ వార్తలు వినండి, ఇంటికొక గొడుగైనా వెంట తీసుకెళ్ళండి.

ఇక పండుగకు వద్దాం. క్రిస్మస్ అనగానే అందరూ 24వ తేదీ అర్ధరాత్రి ఆరాధనకు వెళ్ళాలనుకుంటారు. క్రైస్తవ సోదరులకు అది ముఖ్యమైన ఘడియ. చూడడానికి వెళ్ళేవాళ్ళకు, ముఖ్యంగా చిన్నపిల్లలు ఉన్నవాళ్ళకు, ఆ రాత్రి రద్దీ కష్టం. ఒక మంచి సంగతి ఏమిటంటే, చర్చిల్లో కట్టే పశువుల పాకను పండుగ మర్నాడే తీసేయరు. ముగ్గురు జ్ఞానులు బాలయేసును చూడవచ్చిన పండుగ జనవరి 6న వస్తుంది. దాదాపు అప్పటిదాకా పాక, నక్షత్రం, దీపాలు ఉంటాయి. కాబట్టి 26, 27 తేదీల్లో సాయంత్రం నాలుగింటికి వెళితే పిల్లలు దగ్గరగా నిలబడి, గొర్రెలను, ఒంటెలను లెక్కపెట్టుకుంటూ తీరిగ్గా చూడవచ్చు.

ఏ చర్చికి వెళ్ళాలి? మొదట శాంథోమ్. యేసుక్రీస్తు పన్నెండుమంది శిష్యుల్లో ఒకడైన తోమా మన దేశానికి వచ్చాడని, క్రీ.శ. 72లో ఇక్కడ ప్రాణం విడిచాడని క్రైస్తవుల నమ్మకం. ఆయన సమాధి మీద పోర్చుగీసువారు పదహారో శతాబ్దంలో చర్చి కట్టారు. ఇప్పుడు మనం చూసే తెల్లటి ఎత్తయిన కట్టడం పందొమ్మిదో శతాబ్దం చివర కట్టినది. సమాధి ఉన్న చోటికి కిందికి దిగి వెళ్ళే దారి వేరుగా ఉంది. అక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరు మోకరించి ఉంటారు. మాట్లాడకుండా ఒక నిమిషం నిలబడి రండి.

రెండోది, మైలాపూరులో లజ్ చర్చి. చాలా చిన్నది. నగరంలో మిగిలిన పాత చర్చిల్లో ఇదొకటి. అక్కడి శాసనం 1516 అని చెబుతుంది. చుట్టూ అడవిగా ఉన్న రోజుల్లో కట్టారు కనుక తమిళులు దీన్ని కాట్టు కోయిల్, అంటే అడవి గుడి అంటారు. ఇప్పుడు దాని చుట్టూ బస్సుల హోరు. లోపలికి అడుగు పెడితే మాత్రం నిశ్శబ్దం.

మూడోది పరంగిమలై, అంటే సెయింట్ థామస్ మౌంట్. పిల్లలకు ఇది బాగా నచ్చుతుంది. కొండ ఎక్కడానికి మెట్లున్నాయి, ముసలివాళ్ళకు పైదాకా బండి దారి కూడా ఉంది. పైన 1523లో పోర్చుగీసువారు కట్టిన చర్చి, అందులో పహ్లవీ లిపి చెక్కిన పాత రాతి శిలువ ఉన్నాయి. పైనుంచి చూస్తే విమానాలు దిగడం, ఎగరడం కనబడుతుంది. చీకటి పడే వేళకు ఊరంతా దీపాలు వెలుగుతుంటే చూడడానికి టికెట్టు అక్కర్లేదు. లోకల్ రైలు, మెట్రో రైలు రెండూ ఆ పేరు గల స్టేషనులో ఆగుతాయి.

ఎగ్మూరు దగ్గర దిగేవాళ్ళకు సెయింట్ ఆండ్రూస్ కిర్క్ దగ్గర. 1821లో తెరిచిన ఈ చర్చి లోపల గుండ్రంగా ఉంటుంది, పైకప్పు నీలి ఆకాశంలా ఉంటుంది. డిసెంబరు ఆదివారాల్లో ఇటువంటి పాత చర్చిల్లో క్రిస్మస్ పాటల ఆరాధనలు జరుగుతాయి. ఇంగ్లీషులో వాటిని కారల్స్ అంటారు. నలభై, యాభైమంది నాలుగు రకాల గొంతులతో ఒకే పాట పాడుతుంటే వినడం మన పిల్లలకు కొత్త అనుభవం. 1893 నాటి మద్రాస్ మ్యూజికల్ అసోసియేషన్ గాయక బృందం కూడా ఈ రోజుల్లో కచేరీలు చేస్తుంది. తేదీలు పేపర్లలో వస్తాయి, చర్చి గేటు దగ్గర బోర్డు మీద కూడా రాసి పెడతారు.

తెలుగులో ఆరాధన వినాలనుకునేవాళ్ళకు నగరంలో తెలుగు బాప్టిస్టు సంఘాలున్నాయి. ఆ సంఘాల్లో పాడే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల వెనక ఒక సరిహద్దు మనిషి ఉన్నాడు. పురుషోత్తమ చౌదరి అనే కవి 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టాడు. ఇప్పుడది ఒడిశా సరిహద్దు. ఆయన మన రాగాల్లో, మన తాళాల్లో క్రైస్తవ కీర్తనలు రాశాడు. బరంపురం, పర్లాకిమిడి శ్రోతలు ఇది గర్వంగా చెప్పుకోవచ్చు.

చర్చికి వెళ్ళేటప్పుడు పాటించవలసిన మర్యాద కొంచెం చెబుతాను. మన గుడికి ఎవరైనా వస్తే వాళ్ళు ఎలా ఉండాలని కోరుకుంటామో, అక్కడ మనమూ అలాగే ఉండాలి. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి ఉంటే మనమూ విడవాలి. ఆరాధన జరుగుతుంటే వెనక బల్ల మీద కూర్చోవాలి. మధ్యలో లేచి ఫొటోలు తీయకూడదు. ప్రసాదం కోసం జనం వరసగా ముందుకు వెళతారు. అది దీక్ష తీసుకున్న క్రైస్తవులకు మాత్రమే. గుడిలో ప్రసాదం లాంటిదే కదా అని మనం వరసలో నిలబడకూడదు. కూర్చున్న చోటే కూర్చుంటే ఎవరూ ఏమీ అనుకోరు. బయటికి వచ్చాక ఎదురైనవాళ్ళకు "క్రిస్మస్ శుభాకాంక్షలు" అని చెప్పండి. చాలాసార్లు చేతిలో ఒక కేకు ముక్క పెడతారు.

కేకు అన్నాను కాబట్టి తిండి సంగతి. ఎండుద్రాక్ష, జీడిపప్పు, నిమ్మ తొక్కల మురబ్బా వేసి చేసే నల్లటి ప్లమ్ కేకు ఈ రోజుల్లో ప్రతి బేకరీలో ఉంటుంది. వేపేరిలో 1885 నాటి స్మిత్ ఫీల్డ్ బేకరీ ఉంది. శాకాహారులు కొనేముందు అడగాలి. ఎక్కువ కేకుల్లో కోడిగుడ్డు ఉంటుంది, కొన్నిటిలో ఎండుద్రాక్షను సారాయిలో నానబెడతారు. గుడ్డు లేనివి వేరుగా దొరుకుతాయి.

పెరంబూరు, వేపేరి, సెయింట్ థామస్ మౌంట్ వైపు ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. వాళ్ళు క్రిస్మస్‌కు చేసే పిండివంటలు రెండున్నాయి. ఒకటి కల్‌కల్స్. పిండిని చిన్న ఉండలు చేసి, ఫోర్కు మీదో దువ్వెన మీదో నొక్కి, చుట్టి, నూనెలో వేయించి పంచదార పాకం పడతారు. చూడగానే మన ఇంట్లో అమ్మమ్మ "ఇవి మన గవ్వలే కదా" అంటుంది. రెండోది రోజ్ కుకీస్. కాలిన అచ్చును పిండిలో ముంచి నూనెలో వదులుతారు. అవి మన గులాబీ పువ్వులే, తమిళుల అచ్చు మురుకులే. పాకంలోనో గుడ్డులోనో తేడా ఉంటుంది గానీ చేసే చేయి ఒకటే. పిల్లలకు ఇది చూపించండి. పండుగలు వేరైనా మూకుడు ఒకటేనని వాళ్ళకు అర్థమవుతుంది.

నక్షత్రాలు, దీపాల తోరణాలు కొనాలనుకుంటే ప్యారీస్ కార్నర్ వెనక సందులకు వెళ్ళండి. పెద్ద దుకాణాల కంటే చవక. కాగితం నక్షత్రం మడిచి ఉంటుంది, బస్సులో నలగకుండా తెచ్చుకోవచ్చు. ఆ సందుల్లో పర్సు జాగ్రత్త. పిల్లల జేబులో మీ పేరు, ఫోను నంబరు రాసిన కాగితం పెట్టడం మరవకండి.

ఇప్పుడు ఈ ప్రసంగంలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న విషయానికి వస్తాను.

క్రిస్మస్ నెలలోనే చెన్నైలో ఇంకో పండుగ జరుగుతుంది. మనకు ధనుర్మాసం, తమిళులకు మార్గళి. 1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు దానితోపాటు ఒక సంగీత మహాసభ జరిపారు. దాని ఫలితంగా 1928లో మ్యూజిక్ అకాడమీ పుట్టింది. అప్పటినుంచి డిసెంబరు అంటే కచేరీల నెల అయింది. ఇప్పుడు డిసెంబరు నడిమి నుంచి జనవరి ఒకటి దాకా మైలాపూరు, త్యాగరాయ నగర్, ట్రిప్లికేను, ఆళ్వార్‌పేట సభల్లో పొద్దుటినుంచి రాత్రిదాకా పాట ఆగదు. సాయంత్రం పెద్ద విద్వాంసుల కచేరీలకు టికెట్టు కొనాలి. పొద్దుట, మధ్యాహ్నం చిన్న వయసు కళాకారులు పాడే కచేరీలకు చాలా సభల్లో టికెట్టు ఉండదు. మైలాపూరు భారతీయ విద్యాభవన్‌లాంటి చోట్ల సాయంత్రాలు కూడా ఉచిత కచేరీలు దొరుకుతాయి. ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. సభల పక్కనే క్యాంటీన్లుంటాయి. అరిటాకులో భోజనం, కాఫీ, వేడి వేడి బోండాలు. పాట వినకపోయినా క్యాంటీనుకు వచ్చేవాళ్ళున్నారు.

ఆ కచేరీలో కూర్చోండి. గంటన్నరలో ఏడెనిమిది కీర్తనలు పాడితే, వాటిలో ఎక్కువ భాగం ఏ భాషలో ఉంటాయి? తెలుగులో. త్యాగరాజు తిరువయ్యారులో కావేరి ఒడ్డున కూర్చుని తెలుగులో పాడాడు. శ్యామశాస్త్రి తంజావూరులో తెలుగులో రాశాడు. అన్నమయ్య, క్షేత్రయ్య సరేసరి. పాడే అమ్మాయి ఇంట్లో మాట్లాడేది తమిళం. వయొలిన్ వాయించే అబ్బాయిది మలయాళం కావచ్చు. హాల్లో కూర్చుని తల ఊపేవాళ్ళలో అమెరికా నుంచి వచ్చినవాళ్ళుంటారు. వాళ్ళందరి మధ్యా వేదిక మీద వినబడేది మన అమ్మ భాష.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మా బడిలో ఆరో తరగతి పాప ఒకసారి అడిగింది. "టీచర్, తెలుగంటే ఇంట్లో మాట్లాడేది, తమిళం, ఇంగ్లీషు అంటే బయట మాట్లాడేవి కదా?" అంది. ఆ పాప అల్లరికి అడగలేదు. తను చూసినదే చెప్పింది. ఊరి బోర్డు మీద తెలుగు లేదు. బస్సు మీద లేదు. 2006లో వచ్చిన చట్టంతో తమిళనాడు బడుల్లో పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి పాఠమయ్యే ఏర్పాటు జరిగింది. తమిళం నేర్చుకోవడం మన పిల్లలకు మంచిదే. ఉన్న ఊరి భాష రాకుండా ఎవరూ బాగుపడరు, నేనూ రెండు భాషల్లో పాఠం చెప్పే మనిషినే. కానీ తెలుగు పుస్తకం తెరిచే పిల్లలు మా వైపు ఏటికేడు తగ్గుతున్నారు. మాట వస్తుంది, అక్షరం రాదు. ఇంటి బయట తెలుగుకు విలువ లేదని పిల్లలు అనుకున్నాక ఎన్ని పాఠాలు చెప్పినా చెవికెక్కవు. ఆ విలువ వాళ్ళు కళ్ళతో చూడాలి, చెవులతో వినాలి. చెన్నపట్నంలో డిసెంబరు కచేరీకి మించిన చోటు దానికి నాకు కనబడదు.

అందుకని తల్లిదండ్రులకు ఒక చిన్న సలహా. కచేరీకి వెళ్ళేటప్పుడు పిల్లల చేతిలో ఒక నోటుపుస్తకం, పెన్సిలు పెట్టండి. పాటలో తమకు తెలిసిన తెలుగు మాట వినబడితే రాసుకోమనండి. తెలుగు అక్షరాలు వచ్చినవాళ్ళు తెలుగులో, రానివాళ్ళు తమిళంలో రాస్తారు. పరవాలేదు. పది మాటలు పట్టుకున్నవాడికి క్యాంటీనులో బోండా అనండి. అర్థం తెలియని మాటలను రాత్రి తాతయ్యనో అమ్మమ్మనో అడగమనండి. మన సరిహద్దు ఊళ్ళల్లో ముసలివాళ్ళ నోట ఇంకా బతికి ఉన్న పాత మాటలు త్యాగరాజు కీర్తనల్లో ఎదురైతే ఇంటిల్లిపాదికీ ఆశ్చర్యంగా ఉంటుంది.

పాడేవాళ్ళు ఒక్కోసారి తెలుగు మాటలను వేరుగా పలుకుతారు. అక్కడ నవ్వకూడదని పిల్లలకు ముందే చెప్పండి. వాళ్ళు మన భాష రాకపోయినా అక్షరం అక్షరం నేర్చుకుని పాడుతున్నారు. మనకు భాష వచ్చి కూడా అక్షరం నేర్చుకోవడం లేదు. నవ్వవలసి వస్తే ఎవరిని చూసి నవ్వాలో పిల్లలకే తెలుస్తుంది.

తమిళుల మనసు కూడా మనం తెలుసుకోవాలి. అన్ని సభల్లోనూ తెలుగు కీర్తనలే వినబడుతున్నాయి, మా భాషలో పాటలకు చోటేది అని వాళ్ళలో పెద్దలు అడిగారు. ఆ ఉద్యమం నుంచి 1943లో తమిళ ఇసై సంఘం పుట్టింది. ప్యారీస్ దగ్గరి రాజా అణ్ణామలై మన్రంలో వాళ్ళ సంగీతోత్సవం కూడా డిసెంబరులోనే జరుగుతుంది. వీలైతే అక్కడికీ పిల్లల్ని తీసుకెళ్ళండి. తన భాష పాట తన ఊరి వేదిక మీద వినాలనుకోవడం ఎంత న్యాయమైన కోరికో వాళ్ళను చూసి నేర్చుకుంటాం. మన కోరికా అదే కదా.

చర్చి పాటకూ మన కచేరీకీ ఒక చుట్టరికం ఉంది. కచేరీలో గాయకుడి పక్కన వాయించే వయొలిన్ మన వాద్యం కాదు, యూరపు నుంచి వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో తెల్లవారి దగ్గర అది నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చిన తొలివాళ్ళలో ఒకడు. అన్నగారు తెల్లవారి బ్యాండు బాణీలు విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం కూర్చారు. వాటినే నోటుస్వరాలంటారు. పొద్దున చర్చిలో వయొలిన్ విని, మధ్యాహ్నం సభలో వయొలిన్ వింటే, ఒకే వాద్యం రెండు ఇళ్ళ బిడ్డగా ఎలా పెరిగిందో పిల్లలకు తెలుస్తుంది.

మైలాపూరులో ఒక రోజును ఇలా గడపవచ్చు. తెల్లవారుజామున ఐదున్నరకు కపాలీశ్వరుని గుడి మాడవీధులకు వెళ్ళండి. మార్గళి నెలలో అక్కడ భజన చేస్తూ వీధులు తిరుగుతారు. ఇళ్ళ ముందు కోలాలు వేస్తుంటారు. మన ధనుర్మాసపు ముగ్గులే. టిఫిను చేసి నడుచుకుంటూ లజ్ చర్చికి వెళ్ళండి. అక్కడికి దగ్గరలోనే రాయపేట హైరోడ్డులో అమరజీవి పొట్టి శ్రీరాములు స్మారక భవనం ఉంది. 1952లో ఆయన యాభై ఎనిమిది రోజులు నిరాహారదీక్ష చేసి, డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచిన ఇల్లు ఆ చోటే. మర్నాటి ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. గీత గీసినప్పుడు మనం ఇవతల ఉండిపోయాం. అయినా ఆ త్యాగం మనది కూడా. పిల్లల చేత అక్కడ ఒక నమస్కారం పెట్టించండి. మధ్యాహ్నం ఏదైనా సభలో ఉచిత కచేరీ, క్యాంటీను. సాయంత్రం శాంథోమ్ చర్చి, తర్వాత సముద్రం గాలి. ఆ రోజుకు మీకయ్యే ఖర్చు తిండికీ బస్సుకీ మాత్రమే. 2021 నుంచి అక్కడి మామూలు టౌను బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేని ప్రయాణం పెట్టారు కనుక అదీ కొంత కలిసివస్తుంది.

మరో రోజు ఎగ్మూరు మ్యూజియం చూడండి. 1851 నాటిది. శుక్రవారం సెలవు. అక్కడ మన అమరావతి స్తూపపు శిల్పాలున్నాయి. కృష్ణ ఒడ్డున రెండు వేల ఏళ్ళ కిందట చెక్కిన సున్నపురాతి పలకలు. కొన్ని లండను వెళ్ళిపోయాయి, చాలా ఇక్కడ మిగిలాయి. బడి పుస్తకంలో బొమ్మగా చూసినదాన్ని ఎదురుగా చూస్తే పిల్లలు మరవరు. పుస్తకాలంటే ఇష్టమున్నవాళ్ళు పుస్తకాల సంత ఎప్పుడు మొదలవుతుందో కనుక్కోండి. మామూలుగా డిసెంబరు చివరనో, జనవరిలోనో పెడతారు.

బట్టలు కొనడానికి త్యాగరాయ నగర్ ఎలాగూ వెళతారు. వెళ్ళినప్పుడు ఆ పేరు ఎవరిదో పిల్లలకు చెప్పండి. పిట్టి త్యాగరాయ చెట్టి గారు తెలుగు ఇంటి మనిషి. పక్కనున్న పానగల్ పార్కు పేరు మదరాసు రాష్ట్ర ప్రధానిగా పనిచేసిన పానగల్లు రాజా గారిది. ఆయనా తెలుగువాడే. రంగనాథన్ వీధిలో తోపులాట మధ్య ఈ మాట చెప్పడం కష్టమే. పార్కులో కూర్చుని చెప్పండి.

సముద్రం గురించి ఒక హెచ్చరిక. మెరీనాలో అలలు లోపలికి లాగుతాయి. నీళ్ళలో దిగి ఈదడానికి పోలీసులు ఒప్పుకోరు, అది మన మంచికే. పాదాలు తడుపుకుని రండి. 26వ తేదీ పొద్దున తీరానికి వెళితే జాలరి కుటుంబాలు పాలు, పూలు సముద్రంలో వదులుతుండడం కనబడవచ్చు. 2004లో క్రిస్మస్ మర్నాడు, ఆదివారం పొద్దున సునామీ వచ్చి ఆ తీరంలో ఎంతోమందిని తీసుకుపోయింది. సెలవుకని బీచికి వచ్చినవాళ్ళూ అందులో ఉన్నారు. అటువంటి చోట ఫోను పక్కన పెట్టి కాసేపు నిలబడడం మన ధర్మం.

మిగతా ఊళ్ళ శ్రోతలకు ఒక మాట. బెంగుళూరు వెళ్ళేవాళ్ళకు శివాజీనగర్‌లో సెయింట్ మేరీస్ బసిలికా ఉంది. యానాం శ్రోతలకు ఫ్రెంచివారి కాలం నాటి చర్చి ఊళ్ళోనే ఉంది, బయటివాళ్ళను మీరే పిలిచి చూపించవచ్చు. ఎక్కడికి వెళ్ళినా మూడు ప్రశ్నలు అడగండి. ఈ రోజుల్లో మాత్రమే ఇక్కడ జరిగేది ఏమిటి? అందులో అందరికీ తలుపు తెరిచి ఉన్నది ఏది? అందులో మన తెలుగు ఎక్కడ ఉంది? మూడో ప్రశ్నకు జవాబు వెతకడం పిల్లలకే వదిలేయండి. వాళ్ళ కళ్ళు మనకంటే చురుకు.

సెలవులు అయ్యాక నేను మా తరగతి పిల్లలకు ఇచ్చే పని ఒకటుంది. మీ ఇంట్లోనూ ఇవ్వవచ్చు. పట్నంలో చూసినవాటిలో ఒకదాన్ని గురించి ఒక కార్డు మీద తెలుగులో ఐదు వాక్యాలు రాయాలి. తప్పులుంటే ఉండనీయండి. ఆ కార్డును ఇంట్లో పెద్దవాళ్ళెవరికైనా పోస్టులో పంపాలి. తాతయ్యకు తెలుగు కార్డు అందితే ఆయనకు అదే పండుగ. జవాబు తెలుగులో వస్తే చదవడం కోసమైనా పిల్ల అక్షరాలు నేర్చుకుంటుంది.

ప్రయాణం క్షేమంగా సాగాలని, పిల్లలు నోటుపుస్తకం నింపుకుని రావాలని కోరుకుంటూ, క్రైస్తవ శ్రోతలకు క్రిస్మస్ శుభాకాంక్షలు, అందరికీ రాబోయే సంక్రాంతి శుభాకాంక్షలు చెబుతూ సెలవు తీసుకుంటున్నాను.